షాహీన్ ఒప్పుకున్న మాట

మొన్న కాలేజీలు తెరిచిన వారంలో నాకొక ఫోన్ వచ్చింది. సంగారెడ్డిలో నేను చదివిన ఆడపిల్లల కాలేజీకి కొత్తగా వచ్చిన, ఆటలు నేర్పే పీడీ సారట. గొంతు వింటే ముప్పై ఏళ్లు కూడా నిండనట్టుంది. "మేడం, మన బాస్కెట్‌బాల్ టీమ్ సీజన్ షురూ అయితుంది. మీరు పాత ప్లేయర్ గదా. ఒక్కసారొచ్చి, ఈ ఏడు ఎవరి నుంచి ఏం ఆశిస్తున్నమో పిల్లలకు ఒక్కొక్కరికి చెప్పి పోండి. మీరు చెప్తే మంచిగ వింటరు" అన్నాడు. గొంతు బాగాలేదన్నాను. అయితే వచ్చే వారం రమ్మన్నాడు. వచ్చే వారం కూడా బాగుండదన్నాను! ఫోన్ పెట్టేశాక నా మీద నాకే ఒళ్లు మండింది. ఆ పిల్లవాడు చేసిన తప్పేముంది? అరవై దాటిన మనిషిని, మనవరాలికి అబద్ధమాడొద్దని చెప్పే మనిషిని, ఇంత వంకర జవాబు ఎందుకివ్వాలి? ఎందుకంటే, ఆట మొదలుకాకముందే ఒక ఆడపిల్లను నిలబెట్టి నీ నుంచి నాకిది కావాలని అడిగే పని నేనొకసారి చేశాను. ఇంకోసారి చేయడం నా వల్ల కాదు. ఈ సంగతి మా ఇంట్లోవాళ్లకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

మాది పటాన్‌చెరు దాటి లోపలికి పోయే ఊరు. వాగు పక్కన మూడెకరాలు ఉండేవి. కంపెనీలు వచ్చినాక వాగు ఒకరోజు ఎర్రగా, ఇంకోరోజు డికాషన్ రంగులో పారేది. బర్రెలు మూతి పెట్టి, తల విదిలించి వెనక్కి వచ్చేవి. వరి పొట్టకు రాకుండానే మాడిపోతుంటే మా నాయన ఒక వానకాలం చూశాడు, రెండో వానకాలం చూశాడు, నాగలి తీసుకుపోయి కొట్టంలో పడేసి మందుల కంపెనీలో హెల్పరుగా చేరాడు. షిఫ్టు దిగి వచ్చే మనిషి కంటే ముందు ఆయన వాసన వచ్చేది. మురిగిన కోడిగుడ్డు వాసన, దాని మీద ఏదో తియ్యటి ఘాటు. అమ్మ ఆయన్ను గడప తొక్కనిచ్చేది కాదు. "ముందుగాల ఒళ్లు కడుక్కో పో. పిల్లల మీద చెయ్యి ఎయ్యకు" అని కొట్టం దగ్గరే వేపాకు వేసి కాచిన నీళ్లు పెట్టేది. స్నానం చేసి, తడి తువ్వాల భుజాన వేసుకుని, మంచం మీద కూర్చుని జొన్నరొట్టె తుంచేవాడు. నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా చూశాను, ఆ రొట్టె సగం కూడా తినలేకపోతున్నాడు. నమలడానికీ ఊపిరి తీసుకోవడానికీ రెండింటికీ కలిపి ఆయన దగ్గర శక్తి లేదు. రెండు ముక్కలు నోట్లో పెట్టుకుని గోడకు ఆనుకుని ఎగపోసేవాడు. కాంట్రాక్టరు ఇక రావద్దన్నాడు. సర్కారు దవాఖానాలో డాక్టరు ఊపిరితిత్తులు చెడినయన్నాడు, పెద్ద దవాఖానాలో ఏళ్ల తరబడి చూపించుకోవాలన్నాడు. ఎవరు చూపిస్తారు? అమ్మ అదే కంపెనీలో ప్యాకింగుకు పోవడం మొదలుపెట్టింది. నా తర్వాత ఇద్దరు చెల్లెళ్లు. నాయన ముందర కూర్చుని అన్నం తినడం మానేశాను.

పటాన్‌చెరు దగ్గరే ఇంకో పెద్ద కంపెనీ ఉండేది, పేరు రాయను. దానికి ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ టీమ్ ఉండేది. బాగా ఆడే పిల్లలకు కొలువిచ్చేవాళ్లు. కొలువొస్తే కన్నవాళ్లకు కూడా కంపెనీ దవాఖానాలో వైద్యం. నాకు తెలిసిన దేవుడి వరం అదొక్కటే. జీతమెంతో కూడా నేను అడగలేదు. ఆ దవాఖానా తెల్ల గోడలు బస్సు కిటికీలోంచి కనిపించేవి. రోజూ కాలేజీకి పోయేటప్పుడు వాటికేసి చూసి మనసులో దండం పెట్టుకునేదాన్ని. నవ్వుతారేమో, నవ్వండి.

మా కోర్టు మట్టి కోర్టు. ఎండాకాలం సెలవుల తర్వాత మొదటి రోజు ఎవరూ బంతి ముట్టేది లేదు. తుంగ పీకాలి, మొరం పరవాలి, డబ్బాలో సున్నం కలిపి గీతలు గీయాలి. మా పీడీ మేడం పేరు సుగుణ. జోగిపేట నుంచి బస్సులో వచ్చేది. చీర కొంగు నడుముకు బిగించి, కాన్వాస్ బూట్లు వేసుకుని కోర్టంతా తిరిగేది. "ఏమే, పెండ్లికొచ్చినట్టు నిలబడ్డరేంది? వంగుండ్రి! నడుములు పోయినయా?" అని అరిచేది. మేమంతా ఆమె అంటే హడలిపోయేవాళ్లం, ఆమె రాని రోజు కోర్టు మీద నిలబడబుద్ధి అయ్యేది కాదు.

గీతలు ఆరినాక 'ఒప్పుకోలు' జరిగేది. వేరే కాలేజీల్లో ఇలాంటిది ఉన్నట్టు నేను వినలేదు, మా మేడం పెట్టిన పద్ధతే అనుకుంటాను. కోర్టు నడిమధ్య గుండ్రటి గీత లోపల ఒక పిల్ల బంతి పట్టుకుని నిలబడాలి. చుట్టూ ఉన్న మిగతావాళ్లు ఒక్కొక్కరే, ఈ సీజన్‌లో ఆమె నుంచి తమకేం కావాలో అడగాలి. అన్నీ విని ఆమె "ఒప్పుకున్న" అనాలి. అనేదాకా బంతి చేతిలోనే ఉండాలి. ఇష్టం లేకపోతే బంతి కింద పెట్టి పోయి పక్కన కూర్చోవచ్చు. అలా కూర్చున్న పిల్లను నేనైతే చూడలేదు. మేడం ఇంకో షరతు కూడా పెట్టింది. అడిగిన మాటకు అడిగిన పిల్లదే పూచీ. "ఉత్తగ నోటితోని అడుగుడు గాదు. అడిగినోళ్లే దగ్గరుండి చేపియ్యాలె" అనేది. ఒకసారి ఒక పిల్లను మ్యాచ్ ముందు మిర్చీలు తిని రావొద్దని అడిగితే, అడిగిన పాపానికి ఇంకో పిల్ల సీజనంతా బండి దగ్గర కాపలా కాసింది. నవ్వుకుంటూ చేసేవాళ్లం కానీ, ఒప్పుకున్న మాట తప్పితే ఆ ఏడంతా తలెత్తుకోలేకపోయేవాళ్లం.

షాహీన్ మా టీములో అందరికన్నా పొడుగు. వాళ్ల ఇల్లు సంగారెడ్డి పాతబజారు వెనక మొహల్లాలో ఉండేది. వాళ్ల అబ్బా, అంటే నాయన, దర్జీ. ఆ ఇంట్లోకి అడుగు పెడితే కొత్తబట్ట వాసన, మిషను నూనె వాసన కలిసి వచ్చేవి. వాళ్ల అమ్మీ నా కోసం ఖట్టా దాల్, అదే పుల్లటి పప్పు, వేరే గిన్నెలో తీసిపెట్టేది. నేను అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె షాహీన్‌కిచ్చి ఆమె టిఫిన్ డబ్బా నేను ఖాళీ చేసేదాన్ని. కోర్టులో కూడా అంతే. నేను పొట్టిదాన్ని, బంతి తోలుకుంటూ పోయేదాన్ని. బోర్డు కింద షాహీన్ చేయెత్తితే బంతి ఆమెదే, పట్టి మళ్లీ నాకే ఇచ్చేది. నా బుట్టల్లో సగం ఆమె చేతిలోంచి వచ్చినవే.

మా ఆఖరు ఏడు ఒప్పుకోలు రోజు మేడం ఒక వార్త తెచ్చింది. ఈసారి టోర్నమెంట్ సెమీఫైనల్‌కు ఆ కంపెనీవాళ్లు వస్తారట. ఇద్దరిని తీసుకుంటారట. "సెమీస్ దాక పోతేనే మిమ్ముల సూస్తరు. ఫస్టు రౌండ్ల ఇంటికొస్తే మీ మొఖాలు నేను గూడ సూడ" అంది. ఆ నిమిషంలో నాకు తెలిసిన ఇంకో సంగతి కూడా ఉంది. అది మేడంకు తెలియదు. ఎండాకాలంలో బోరింగు దగ్గర బిందెతో జారిపడి షాహీన్ కుడి మోకాలు వాచింది. సల్వారు పైకి లాగి నాకొక్కదానికే చూపించింది. ముట్టుకుంటే వేడిగా ఉంది. "మేడంకు చెప్పకే రాజీ. వారం పది రోజులల్ల తగ్గుతది" అంది. రెండు నెలలైనా తగ్గలేదు. నేను లెక్క వేసుకున్నాను. షాహీన్ లేకపోతే మొదటి రౌండ్‌లోనే ఇంటికి. ఇంటికొస్తే కంపెనీవాళ్లు నన్ను చూడరు. చూడకపోతే నాయన ఆ గోడకు ఆనుకునే పోతాడు. షాహీన్ సంగతేంటన్న ఆలోచన నాకు రానే లేదు. ఆమెకు కొలువుతో పనేముంది, వాళ్లు ఆడపిల్లను పనికి పంపరు కదా, అనుకున్నాను. ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. ఇంటర్ నుంచి నాలుగేళ్లు వాళ్లింట్లో పప్పు తిన్నాను గానీ ఒక్కసారైనా అడగలేదు.

గీతలో షాహీన్ నిలబడింది. బరువంతా ఎడమ కాలి మీద వేసి నిలబడింది, అది నాకు మాత్రమే తెలుసు. పిల్లలు ఒక్కొక్కరే అడిగారు. ఒకామె పట్టిన బంతి జారవిడవొద్దంది, ఇంకొకామె రెఫరీతో వాదన పెట్టుకోవద్దంది. నా వంతు వచ్చింది. "షాహీన్ ఒక్క మ్యాచ్ గూడ ఇడువొద్దు. ఫస్టు నిమిషం నుంచి ఆఖరు దాక కోర్టులనే ఉండాలె. ఏమైనా సరే, బయటికి రావొద్దు" అన్నాను. గొంతు వణకలేదు. వణికి ఉంటే ఇప్పుడు నాకు కొంచెం ఊరటగా ఉండేది. షాహీన్ నావైపు చూసింది. బంతిని కడుపుకు అదుముకుంది. తర్వాత చిన్నగా నవ్వి "ఒప్పుకున్న" అంది. మేడం పొడుగాటి నోటుబుక్కులో రాసుకుంటూ "దీనికి పూచీ రాజమణి" అంది.

పూచీ నిలబెట్టుకున్నాను! రోజూ పొద్దున రోడ్డు పక్కన జిల్లేడాకులు తెంపి, ఆముదం రాసి, పొయ్యి మీద వెచ్చచేసి మూట కట్టుకునేదాన్ని. అమ్మ పాత చీర చింపి పట్టీలు చేశాను. "ఎవరికే ఇదంత?" అని అమ్మ అడిగితే నా కాలికే అని చెప్పాను. పాపం, ఆమె నా కాళ్లు పట్టుకుని చూసింది. కాలేజీలో ఆటసామాన్ల గది తలుపు మూసి షాహీన్ మోకాలికి ఆకులు వేసి కట్టేదాన్ని. పళ్లు బిగించి "జెర గట్టిగ కట్టు" అనేది. ఇంకా గట్టిగా కట్టేదాన్ని. కట్టు విప్పితే చర్మం మీద చీర అంచు అచ్చుగా కనిపించేది. మొదటి మ్యాచ్ గెలిచాం. ఇంకొక్కటేనే అన్నాను. రెండోది గెలిచాం. ఇంకొక్కటేనే అన్నాను. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో. ఒకరోజు ఆమె మెట్లు ఒక్కొక్కటే, రెండు కాళ్లూ ఒకే మెట్టు మీద పెట్టి దిగుతుంటే వెనక నుంచి చూశాను. మేడం దగ్గరికి పోయి చెప్పేద్దామని స్టాఫ్ రూమ్ దాకా పోయాను కూడా. తలుపు దగ్గర నిలబడి, నాయన దగ్గు గుర్తొచ్చి వెనక్కి వచ్చాను. అంత దూరం పోయి వెనక్కి వచ్చినందుకే నన్ను నేను ఇవాళ్టికీ క్షమించుకోలేను.

సెమీఫైనల్ పట్నంలో జరిగింది. షామియానా కింద కుర్చీల్లో కంపెనీవాళ్లు ముగ్గురు కూర్చున్నారు, ఒకాయన చేతిలో పెన్ను. రెండో సగం మొదలై కొంచెంసేపే అయింది. అవతలి పిల్ల వేసిన బంతి రింగుకు తగిలి లేచింది. షాహీన్ ఎగిరింది, రెండు చేతులతో పట్టింది, దిగింది. దిగినప్పుడు ఒక చప్పుడు వినిపించింది. ఎండిన పుల్ల విరిచినట్టు. బంతి ఆమె చేతుల్లోంచి జారి నా ముందుకొచ్చి పడింది. విజిల్ పడలేదు. నేను బంతి తీసుకుని పరిగెత్తాను. వెనక అరుపు వినిపించింది, ఎవరిదో నాకు తెలుసు. ముందర ఎవరూ లేరు. కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు పోయి బంతి బుట్టలో వేశాను. చప్పట్లు కొట్టారు. పెన్ను పట్టుకున్నాయన ఏదో రాసుకున్నాడు. అప్పుడు తిరిగి చూశాను. షాహీన్ నేల మీద పడి ఉంది. కాలు మోకాలి కింద ఎటు తిరగకూడదో అటు తిరిగి ఉంది. మేడం పరుగున పోయి కట్టు విప్పింది. ఆకులు, చీర పట్టీ, దాని కింద మోకాలు చూసి తలెత్తి నావైపు చూసింది. తర్వాత ఎప్పుడూ నాతో మాట్లాడలేదు.

మ్యాచ్ ఓడిపోయాం. కొలువు నాకు వచ్చింది, ఇంకొకటి వేరే కాలేజీ పిల్లకు వచ్చింది. నాయనను కంపెనీ దవాఖానాలో చూపించాను. ఆ తెల్ల గోడల లోపల ఆయన మంచం మీద పడుకుని, ముక్కుకు గాలి గొట్టం పెట్టుకుని, ఇదంతా నా బిడ్డ ఆట అని నర్సులకు చెప్పుకున్నాడు. కొన్నాళ్లకు మళ్లీ మొత్తం రొట్టె తిన్నాడు. ఎదురుగా కూర్చుని చూశాను. సంతోషమైంది, ఎందుకు కాదు? ఆయన నమిలిన ఒక్కో ముక్కకు నాకు షాహీన్ మోకాలు కనిపించింది. ఆయన ఇంకా చాన్నాళ్లు బతికాడు. ఆ చాన్నాళ్లలో ఒక్క రోజు కూడా వద్దని నేను అనలేను. అలాంటప్పుడు పశ్చాత్తాపపడుతున్నానని ఏ నోటితో చెప్పను? షాహీన్‌ను చూడటానికి ఒకసారి పోయాను. కాలికి తొడ దాకా పట్టీ. "కొలువు వచ్చిందట గదే, మిఠాయి ఏది?" అని నవ్వింది. పది నిమిషాలు కూర్చుని షిఫ్టుందని లేచి వచ్చాను. ఆ కాలు మళ్లీ సరిగా వంగలేదు. ఏటా రంజాన్‌కు ఫోన్ చేస్తాను, వాళ్లింట్లో పెళ్లిళ్లకు రెండుసార్లు పోయి తొందరగా తిని వచ్చాను. అంతే మా స్నేహం.

ఇప్పుడు మా ఊరికి పోతే మూడెకరాలున్నచోట గోదాములున్నాయి. బిహారు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు గేట్ల ముందు క్యూలో నిలబడతారు. సాయంత్రం ఆ ఘాటు వాసన ఇప్పుడూ వస్తుంది, నా ముక్కుకే తెలియడం లేదని మనవరాలు ముక్కు మూసుకుంటే తెలిసింది. అప్పట్లో ఆ వాసన మా నాయన ఒంటికి ఉండేది కాబట్టి దాన్ని అసహ్యించుకోగలిగాం. ఇప్పుడది ఎవరి ఒంటి మీదిదో నాకు తెలియదు. మనిషికి రెండు దారులే చూపించి, ఏదో ఒకటి తొక్కమనే కాలం అప్పుడూ ఇప్పుడూ ఒకటేనని నన్ను నేను సమర్థించుకుంటుంటాను. నిజమే కావచ్చు. కానీ షాహీన్ ముందర ఆ మాట అనగలనా?

ఆ పీడీ సారు ఫోన్ వచ్చిన మూడో రోజు నేను కొల్లూరు పోయాను. షాహీన్‌కు అక్కడ సర్కారు డబుల్ బెడ్రూమ్ ఇల్లు వచ్చింది, ఏడో అంతస్తు. లిఫ్టు నడవడం లేదు. మెట్ల మీద రెండు చోట్ల కూర్చుని ఎక్కాను. ఇన్నేళ్లకైనా చెప్పేయాలి, నీ మోకాలు సంగతి తెలిసే అడిగానని ముఖం మీద చెప్పి కాళ్లు పట్టుకోవాలి అని మెట్టు మెట్టుకూ అనుకుంటూ పోయాను. ఆమె మిషను ముందు కూర్చుని జాకెట్టు కుడుతోంది. కాలితో తొక్కేది కాదు, మోటరు పెట్టించుకుంది. కుడి కాలు తిన్నగా స్టూలు మీద చాపి ఉంది.

"అరె పగ్లీ, ఏడంతస్తులు ఎక్కొచ్చినవా? ఫోన్ జేస్తే నేనే దిగకపోదునా?" అని నవ్వింది. ఆమె కిందికి దిగేది నెలకొక్కసారేనని పక్కనున్న కూతురు నస్రీన్ చెప్పింది. చాయ్ తాగాం. "షాహీన్, ఆఖరు ఏడు ఒప్పుకోలు యాదికుందా?" అన్నాను.

"ఎందుకు యాదికుండదు?" అంది, మిషను ఆపి. "నాకు ఎక్కువ యాదికున్నది గదే. అందరు బంతి జార్చకు, గిట్ల జెయ్యకు, గట్ల జెయ్యకు అన్నరు. నువ్వొక్కదానివే నా కోసం అడిగినవ్."

"నీ కోసమా?"

"మల్ల? రెండు కొలువులు అన్నరు గదా. నేను కోర్టుల లేకుంటే కంపెనీవాళ్లు నన్నెట్ల చూస్తరు? నా మోకాలు సంగతి నీకొక్కదానికే ఎరుక. నేను భయపడి మధ్యల ఇడిచిపెడ్తనని, కొలువు పోగొట్టుకుంటనని గట్ల అడిగినవ్. నువ్వు అడిగినంక నాకు ధైర్యమొచ్చింది. అబ్బా ఎంత ఖుషీ అయిండో తెలుసా? కొలువుకు తొడుక్కపోను రెండు కుర్తాలు గూడ కుట్టిపెట్టిండు." చేత్తో మోకాలు రాసుకుంది. "నా నసీబ్ల లేదు. నువ్వేం జేస్తవ్? రోజు జిల్లేడాకులు తెచ్చి కట్టినవ్. అమ్మీ సచ్చిపొయ్యేదాక నిన్ను తల్సుకున్నది."

ఏమని చెప్పను? ఆ కాలం నుంచి ఆమెకు మిగిలిన మంచి ఒక్కటే, తన కోసం ఆలోచించిన స్నేహితురాలు ఒకతి ఉందని. దాన్ని కూడా ఆ ఏడో అంతస్తులో ఆమె చేతిలోంచి లాక్కోవాలా? లాక్కోకుండా దాచుకుంటే, అది ఎవరి కోసం దాచుకున్నట్టు? ఆమె దయ నాకు కమ్మగా ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, కమ్మగా ఉంది. ఇంకో కప్పు చాయ్ తాగి లేచాను.

ఇంటికొచ్చి, నేను రాస్తున్న జ్ఞాపకాల పుస్తకంలో ఈ అధ్యాయం రాయడానికి కూర్చున్నప్పుడు నాకొచ్చిన మొదటి ఆలోచన, షాహీన్ ఉర్దూ మీడియం, తెలుగు చదవడం రాదు కదా అని. ముఖం మీద చెప్పలేనిది ఆమెకు రాని అక్షరాల్లో రాసి బరువు దించుకుందామనుకున్నాను. చూశారా, ఇంత వయసొచ్చినా నా బుద్ధి! కానీ నస్రీన్ బడిలో తెలుగు పాఠం చెబుతుంది. ఆ రోజు నన్ను మెట్ల దాకా సాగనంపుతూ, "ఆంటీ, మీరు బుక్ రాస్తున్నరట గదా, అచ్చయినంక నాకియ్యండి. అమ్మీని కూసోబెట్టి మొత్తం చదివి వినిపిస్త" అంది. ఇస్తానని మాటిచ్చాను. ఇస్తాను కూడా.

షాహీన్, నస్రీన్ ఇది నీకు చదివి వినిపిస్తున్నదనుకుంట. ఆ మాట నీ కోసం అడగలేదు నేను. నా కోసం అడిగిన. నీ కాలు ఏమైతదో ఎరుకుండే అడిగిన.